విద్యార్థుల పాత సమాచార వ్యవస్థను బాగుచేసుకునే పద్ధతి: డెవలపర్లకు అధికారికంగా దారి ఇవ్వడం

నేను నెల్లూరు జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ సైన్సు బోధిస్తాను. గతంలో పనిచేసిన ఒక కళాశాలలో, ఉదయగిరి వైపు నుంచి వచ్చి చదువుకునే ఒక అమ్మాయి పేరు హాల్ టికెట్‌లో అసంపూర్తిగా వచ్చింది. ఇంటిపేరు వేరే ఖానాలో ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేస్తే ఆమె పేరు, ఇక్కడ కొంత మార్చి చెబుతున్నాను, వెంకట పెంచల ప్రసన్న లక్ష్మి. పెంచలకోన నరసింహస్వామిని కొలిచే ఇళ్లలో పెంచలయ్య, పెంచలమ్మ అన్న పేర్లు, వాటిని కలుపుకున్న పొడవాటి పేర్లు మా జిల్లాలో మామూలే. విశ్వవిద్యాలయం వెబ్ పోర్టల్‌లో పేరుకు కేటాయించిన ఖానాలో 25 ఆంగ్ల అక్షరాలకే చోటుంది. ఖాళీలతో సహా లెక్కపెడితే ‘ప్రసన్న’ దగ్గర సరిగ్గా 25 నిండిపోయాయి, ‘లక్ష్మి’ రాలిపోయింది. ఆ తప్పు హాల్ టికెట్ నుంచి మార్కుల మెమోకూ, మెమో నుంచి ప్రొవిజనల్‌కూ పాకింది. పదో తరగతి సర్టిఫికెట్‌తో పేరు కలవడం లేదని పీజీ ప్రవేశం దగ్గర ఆపేశారు. ఆమె తండ్రి పని మానుకుని రెండుసార్లు వచ్చి, అఫిడవిట్ రాయించి, పరీక్షల విభాగం చుట్టూ తిరిగి దాన్ని సరిచేయించుకున్నారు.

ఆ పేరు కళాశాల ఆఫీసులోని ఎక్సెల్ ఫైలులో సరిగ్గానే ఉంది. ఆ ఫైలును అలాగే పంపించే వీలు లేనందున మా సీనియర్ అసిస్టెంట్ దాన్ని చూస్తూ ఒక్కొక్కరి వివరాలనూ పోర్టల్‌లో మళ్లీ టైపు చేయవలసి వచ్చింది. కొద్ది నిమిషాలు ఆగితే సెషన్ ముగిసిపోయి, టైపు చేసినదంతా పోయేది. ఫైలు నేరుగా వెళ్లి, ‘ఈ వరుసలో పేరు పూర్తిగా పట్టలేదు’ అని వ్యవస్థ తిరిగి చెప్పగలిగి ఉంటే ఆ రోజే పని అయిపోయేది. ఈ వ్యాసం అలాంటి వీలును ఎలా కల్పించుకోవాలన్నదాని గురించే. విశ్వవిద్యాలయ అధికారులు, కళాశాలల ఆఫీసు సిబ్బంది, ప్రోగ్రామింగ్ తెలిసిన విద్యార్థులు ముగ్గురినీ మనసులో ఉంచుకుని రాస్తున్నాను.

పోర్టల్ పాతబడిందనగానే కొత్తది కొందామన్న ప్రతిపాదన వస్తుంది. టెండరు పిలుస్తారు, ఏడాదో రెండేళ్లో గడుస్తాయి, కొత్త తెరలు వస్తాయి. కాని సమాచారం మాత్రం మళ్లీ ఒక్క కాంట్రాక్టరు చేతిలోనే ఉండిపోతుంది, చిన్న మార్పుకు కూడా ఆ సంస్థ తీరిక కోసం ఎదురుచూడక తప్పదు. నా అభిప్రాయంలో ముందు చేయవలసిన పని, ఉన్న వ్యవస్థను కదిలించకుండా, అందులోని సమాచారాన్ని నియమబద్ధంగా అడిగి తీసుకునే దారిని ఏర్పరచడం. ఆ దారినే ఏపీఐ అంటారు. పరీక్షల విభాగం కౌంటరుతో పోలిస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. రికార్డు గదిలోకి బయటివారిని ఎవరినీ పంపరు. కౌంటరు దగ్గర చీటీ రాసి ఇస్తే, అడిగిన మనిషికి ఆ కాగితం తీసుకునే హక్కుందో లేదో చూసి, ఆ ఒక్క కాగితాన్నే తెచ్చి ఇస్తారు. ఏపీఐ కూడా ప్రోగ్రాములకు అలాంటి కౌంటరే. డెవలపర్లకు, అంటే ప్రోగ్రాములు రాసేవారికి, దారి ఇవ్వడమంటే డేటాబేస్ పాస్‌వర్డు ఇవ్వడమో, అందరి మార్కులనూ బయట పెట్టడమో కాదని మొదటి సమావేశంలోనే స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే అభ్యంతరాలలో ఎక్కువ భాగం ఈ అపోహ నుంచే పుడతాయి.

ముందు ఏమేమి ఉన్నాయో రాసుకోవాలి

నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలు, తయారయ్యే వారంలో ఒకసారి, ఫలితాలు వెలువడే వారంలో మరోసారి పరీక్షల విభాగంలో కూర్చుని, ఏ సమాచారం ఎక్కడ పుడుతోంది, ఎవరు ఎక్కిస్తున్నారు, ఎవరు ఎన్నిసార్లు అడుగుతున్నారు అన్నది నోటు పుస్తకంలో రాసుకోవాలి. సర్వర్‌లో ఉందనుకున్నది కొన్నిచోట్ల ఒక ఉద్యోగి కంప్యూటర్‌లోని ఎక్సెల్ ఫైలులో ఉంటుంది. పాత బ్యాచ్‌ల మార్కులు ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కాలం నాటి ఫైళ్లలో ఉండవచ్చు. ఆ ఫైళ్లలో ప్రతి ఖానాకూ ముందుగానే వెడల్పు నిర్ణయించి ఉంటుంది కాబట్టి, పేర్లు తెగిపోవడమనే జబ్బుకు మూలం చాలాచోట్ల అక్కడే కనిపిస్తుంది.

ఆ జాబితాను మూడు భాగాలుగా విడదీయాలి. ఎవరైనా చూడదగినవి మొదటి భాగం: సిలబస్, పరీక్షల టైంటేబుల్, విద్యా క్యాలెండర్, ఫీజు గడువులు, అనుబంధ కళాశాలల పేర్లు, కోడ్‌లు, నోటిఫికేషన్లు. విద్యార్థికి మాత్రమే చెందినవి, ఆ విద్యార్థి ఒప్పుకుంటేనే మరొకరికి వెళ్లదగినవి రెండో భాగం: మార్కులు, హాజరు, చెల్లించిన ఫీజు, హాల్ టికెట్. ఆధార్ సంఖ్య, కులం, కుటుంబ ఆదాయం, బ్యాంకు ఖాతా, జవాబు పత్రాలకు వేసే రహస్య సంకేతాలు, మూల్యాంకనం చేసిన అధ్యాపకుల వివరాలు మూడో భాగం. ఈ మూడో భాగం ఏపీఐ దగ్గరికే రాకూడదు. ఏదైనా సమాచారం ఏ భాగానికి చెందుతుందో తేలకపోతే, తేలేవరకు దాన్ని మూడో భాగంలోనే ఉంచడం మంచిది.

టైంటేబుల్‌తో మొదలుపెట్టడం

మొదటి భాగాన్ని బయటికి ఇవ్వడానికి ఎవరి సమ్మతీ అక్కరలేదు, పెద్ద ఖర్చూ ఉండదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం కోర్సుల వివరాలను, ముఖ్యమైన తేదీలను ఓపెన్ డేటా ఏపీఐ ద్వారా ఎవరైనా వాడుకునేలా ఇస్తోంది. మన దగ్గర అదే సమాచారం చాలాసార్లు సంతకం, ముద్ర ఉన్న కాగితాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్ రూపంలో వస్తుంది. అది మనిషి చదవడానికి సరిపోతుంది, ప్రోగ్రాముకు మాత్రం అది ఒక బొమ్మ. సంతకం చేసిన కాగితాన్ని మానేయమని నేను అనడం లేదు. దానితోపాటే అదే పట్టికను ప్రోగ్రాములు చదవగల సీఎస్‌వీ, జేసన్ రూపాలలోనూ, ఫోన్ క్యాలెండర్లు నేరుగా తీసుకునే ఐక్యాల్ రూపంలోనూ ఉంచాలని కోరుతున్నాను.

మన తీర ప్రాంతంలో దీని అవసరం తుపాను సమయంలో తెలుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అంతకుముందు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు వానలతో, గాలులతో అల్లాడాయి. అలాంటి రోజులలో పరీక్ష వాయిదా పడితే పాత టైంటేబుల్ బొమ్మ, కొత్త టైంటేబుల్ బొమ్మ వాట్సాప్ గ్రూపులలో పక్కపక్కనే తిరుగుతాయి. ఏది తర్వాతదో తెలియక విద్యార్థులు తెల్లవారుజామునే బస్సెక్కుతారు. అందువల్ల టైంటేబుల్ సమాచారంలో పేపర్ కోడ్, సబ్జెక్టు, తేదీ, ఉదయమో మధ్యాహ్నమో తెలిపే సెషన్‌తోపాటు, ‘చివరిగా మార్చిన సమయం’, ‘స్థితి’ అనే రెండు ఖానాలు తప్పనిసరిగా ఉండాలి. వాయిదా పడిన పరీక్ష వరుసను తొలగించకూడదు. దాన్ని అలాగే ఉంచి, స్థితిని ‘వాయిదా’ అని మార్చాలి. తొలగిస్తే, పాత తేదీని అప్పటికే దాచుకున్న యాప్‌కు అది రద్దయిన సంగతి తెలియదు. ఐక్యాల్ రూపంలో ప్రతి మార్పుకూ పెంచవలసిన వరుస సంఖ్య ఒకటి ఉంటుంది. దాన్ని పెంచడం మరచిపోతే కొన్ని ఫోన్లలో పాత తేదీయే నిలిచిపోతుంది. తేదీలను సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో, 2026-04-15 లాగా రాస్తే 04-05 అన్నది ఏప్రిల్ అయిదా, మే నాలుగా అన్న సందేహం రాదు.

పాత డేటాబేస్‌ను ముట్టుకోకుండా నకలు తీసుకోవడం

ఏపీఐని నేరుగా పాత డేటాబేస్‌కు తగిలించకూడదు. ఫలితాల రోజున మామూలు రద్దీకే తడబడే సర్వర్ మీద మరింత బరువు మోపినట్టవుతుంది. పరీక్షల విభాగం వాడుకునే అసలు డేటాబేస్‌ను దాని మానాన వదిలి, ప్రతి రాత్రీ అవసరమైన పట్టికల నకలును మరో సర్వర్‌లోకి తెచ్చుకోవాలి. ఏపీఐ ఆ నకలు నుంచి మాత్రమే చదవాలి. డేటాబేస్‌ను చేరుకునే వీలు కాంట్రాక్టరు ఇవ్వకపోతే, కనీసం రోజుకొక ఫైలు ఎగుమతి చేసి ఇవ్వమని రాతపూర్వకంగా అడగాలి. ప్రతి జవాబులోనూ ‘ఈ సమాచారం ఎప్పటిది’ అన్నది ఉండాలి. ఫీజు కట్టిన సంగతి మర్నాటి వరకు కనిపించకపోతే విద్యార్థి కంగారుపడి మళ్లీ కట్టే ప్రమాదముంది కాబట్టి, ఆ ఒక్క పట్టికను గంటకోసారైనా తెచ్చుకోవాలి.

నకలు తీసుకునేటప్పుడే సమాచారాన్ని శుభ్రం చేయాలి. ఇది ఓపిక కావలసిన పని, దీనికి కేటాయించే ప్రతి గంటా తర్వాత ఎన్నో రోజులను మిగులుస్తుంది. హాల్ టికెట్ సంఖ్యను ఎప్పుడూ అంకెగా కాక అక్షరాల వరుసగానే దాచాలి. సున్నాతో మొదలయ్యే సంఖ్యను ఎక్సెల్ తెరిస్తే ఆ సున్నా మాయమవుతుంది. అంకెల మధ్య ఆంగ్ల ‘ఈ’ అక్షరం ఒక్కటే ఉన్న సంఖ్యనైతే ఎక్సెల్ పది యొక్క ఘాతంతో రాసిన సంఖ్యగా భావించి రూపమే మార్చేస్తుంది, ఆ ఫైలును అలాగే సేవ్ చేస్తే అసలు సంఖ్య తిరిగి రాదు. తెలుగులో ఉన్న నోటిఫికేషన్లు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినవైతే వాటిని అన్ని పరికరాలూ చదవగల యూనికోడ్‌లోకి మార్చాలి. లేకపోతే ఆ ఫాంటు లేని ఫోన్‌లో అర్థంలేని ఆంగ్ల గుర్తులు కనిపిస్తాయి, చూపు లేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్‌కు అసలు ఏమీ తెలియదు. ఇంటిపేరుకు వేరుగా, పేరుకు వేరుగా, సర్టిఫికెట్‌లో ఉన్నట్టు పూర్తి పేరుకు మరొకటిగా మూడు ఖానాలు పెట్టుకోవాలి. పూర్తి పేరు ఖానాకు పొడవు పరిమితి పెట్టనే కూడదు.

విద్యార్థి సమ్మతి

మార్కులు, హాజరు దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త పెరగాలి. హాల్ టికెట్ సంఖ్య, పుట్టిన తేదీ కలిపి ఇస్తే ఫలితం చూపించే పద్ధతి చాలాచోట్ల ఉంది. అది భద్రత కాదు. హాల్ టికెట్ సంఖ్యలు వరుసగా ఉంటాయి, పుట్టిన రోజులు తరగతి మొత్తానికీ తెలుసు. పక్క బెంచీ విద్యార్థి మార్కులు చూడడానికి ఏ నైపుణ్యమూ అక్కరలేదు.

ఇందుకు స్థిరపడిన పద్ధతి ఓఆత్ 2.0. ఇది 2012లో ప్రమాణంగా వెలువడింది. ఏదైనా వెబ్‌సైటులో గూగుల్ ఖాతాతో ప్రవేశించినవారందరూ ఇలాంటి పద్ధతిని చూసినవారే. విద్యార్థి యాప్‌లో ఒక బటన్ నొక్కితే విశ్వవిద్యాలయం వారి సొంత పేజీ తెరుచుకుంటుంది. లాగిన్ అయ్యేది అక్కడే కాబట్టి పాస్‌వర్డు యాప్‌కు ఎప్పుడూ తెలియదు. ‘ఈ యాప్ మీ హాజరును చూడాలని అడుగుతోంది, మార్కులు అడగడం లేదు’ అని తెలుగులో రాసి చూపించి, అంగీకారం తీసుకున్న తర్వాత యాప్‌కు అనుమతి చీటీ లాంటి ఒక టోకెన్ ఇస్తారు. ఆ టోకెన్‌తో హాజరు తప్ప మరేదీ తీసుకోవడం కుదరదు, గడువు తీరితే అది పనిచేయదు. తాను ఏ యాప్‌కు అనుమతి ఇచ్చిందీ విద్యార్థి ఒకే పేజీలో చూసుకుని, ఒక్క నొక్కుతో రద్దు చేసుకోగలగాలి.

లాగిన్‌కు ఓటీపీ పెడదామనుకుంటే ముందు ఒక వాస్తవాన్ని గమనించాలి. ప్రవేశాల సమయంలో చాలామంది పిల్లలు నెట్ సెంటర్‌లో దరఖాస్తు నింపించుకుంటారు. అప్పుడు ఎక్కించిన ఫోన్ నంబరు తండ్రిదో, మేనమామదో, కొన్నిసార్లు ఆ నెట్ సెంటర్ నడిపే వ్యక్తిదో అయి ఉంటుంది. ఆ నంబర్లను నమ్ముకుని ఓటీపీ పంపితే మార్కుల తాళం ఎవరి చేతికో ఇచ్చినట్టే. అందుకని ముందుగా ప్రతి కళాశాలలోనూ విద్యార్థి స్వయంగా గుర్తింపు కార్డుతో వచ్చి నంబరు సరిచూసుకునే కార్యక్రమాన్ని పెట్టాలి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల నుంచి, ధ్రువీకరించుకోదగిన విధంగా సమ్మతి తీసుకోవాలి. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరేవారిలో 17 ఏళ్ల పిల్లలు ఉంటారు. మొదటి దశలో వారి ఖాతాలకు బయటి యాప్‌ల అనుమతిని నిలిపి ఉంచి, 18 నిండిన తర్వాతే ఆ వీలు కల్పించడం సులువైన, సురక్షితమైన మార్గం.

డెవలపర్‌గా ఎవరిని చేర్చుకోవాలి

మన జిల్లాలలో ఈ పని చేయగలిగినవారు ఎక్కువగా మన బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్, ఎంసీఏ, బీటెక్ విద్యార్థులే. వారికి కంపెనీ ఉండదు, జీఎస్టీ నంబరు ఉండదు. నమోదుకు వంద రూపాయల స్టాంపు కాగితం మీద అఫిడవిట్ అడిగితే ఒక్కరూ రారు. పేరు, కళాశాల, చేయదలచిన యాప్ ఉద్దేశం, ఏయే సమాచారం కావాలి, ఎందుకు కావాలి అన్న వివరాలతో ఒక పేజీ దరఖాస్తు చాలు. మొదటి భాగం సమాచారానికైతే దరఖాస్తు అందిన వెంటనే కీ, అంటే ఏపీఐ దగ్గర ఆ యాప్‌ను గుర్తించే సంకేతం, ఇవ్వాలి. రెండో భాగం అడిగేవారి యాప్‌ను ఒక అధ్యాపకుడు, పరీక్షల విభాగం నుంచి ఒకరు చూసి ఆమోదించాలి. ఒక్కో కీకి నిమిషానికి ఎన్ని అభ్యర్థనలో పరిమితి పెట్టాలి. అది దాటితే మౌనంగా కూలిపోకుండా, హెచ్‌టీటీపీ 429 (అభ్యర్థనలు పరిమితి మించాయి) అన్న సంకేతంతో, మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలో చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రయోగాల కోసం కల్పిత విద్యార్థుల సమాచారంతో నడిచే నమూనా వ్యవస్థ. అసలు విద్యార్థుల పేర్లు చెరిపేసి వాడుకుందామన్న ఆలోచన వద్దు, చిన్న కళాశాలలో మార్కులను బట్టే మనిషిని గుర్తుపట్టవచ్చు. పూర్తిగా కల్పించిన రికార్డులే ఉండాలి, కాని అవి మన జీవితాల పోలికలోనే ఉండాలి. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నవారు, సప్లిమెంటరీలో ఒకటి గట్టెక్కినవారు, రీవాల్యుయేషన్‌లో మార్కులు మారినవారు, హాజరు చాలక డిటెయిన్ అయినవారు, కందుకూరులో చేరి రెండో ఏడాది ఒంగోలుకు మారినవారు, ఒకే కళాశాలలో ఒకే పేరున్న ఇద్దరు, ఇంటిపేరు చివర రాసుకునేవారు అందులో కనిపించాలి. ఏపీఐ వివరణ పత్రాన్ని ఓపెన్ ఏపీఐ అనే ప్రామాణిక రూపంలో రాస్తే పరీక్షించే పరికరాలు దాన్ని నేరుగా చదువుకుంటాయి. దానితోపాటు ప్రతి ఖానాకూ తెలుగులో ఒక వాక్యం వివరణ ఉండాలి. ‘ఫలితం: ఏబీ’ అంటే గైర్హాజరని పరీక్షల విభాగానికి తెలుసు, మొదటిసారి చూసే విద్యార్థి అది గ్రేడనుకుంటాడు. ఏదైనా ఖానాను మార్చాలన్నా, తీసేయాలన్నా కనీసం ఒక సెమిస్టరు ముందు చెప్పాలి, అప్పటివరకు పాత రూపాన్నీ నడపాలి.

విద్యార్థి డెవలపర్లకు ఒక మాట చెప్పాలి. ఏపీఐ లేదు కదా అని హాల్ టికెట్ సంఖ్యలను వరుసగా వేసుకుంటూ ఫలితాల పేజీ నుంచి అందరి మార్కులనూ లాగే ప్రోగ్రాములు రాయకండి. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43, 66 సెక్షన్లు అనుమతి లేని ప్రవేశం గురించి ఉన్నవే. లోపం కంటబడితే మీ సొంత రికార్డు దగ్గరే ఆగిపోయి, చూసినది చూసినట్టు రాసి పంపండి. విశ్వవిద్యాలయం కూడా అలాంటి ఉత్తరాలు అందుకునే ఈమెయిల్ చిరునామాను బహిరంగంగా ప్రకటించి, సద్భావంతో లోపం చెప్పినవారి మీద చర్య తీసుకోబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఆ హామీ లేనిచోట పిల్లలు భయపడి నోరు విప్పరు, లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఆమోదం, కాంట్రాక్టు

ఈ ప్రతిపాదనను రిజిస్ట్రార్ దగ్గరికి తీసుకువెళ్లేటప్పుడు మొత్తం పథకాన్ని ఒకేసారి పెట్టకుండా, మొదటి భాగం సమాచారానికి మాత్రమే అనుమతి కోరుతూ రెండు పేజీల నోటు రాయాలి. కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ ఏపీఐల, అంటే బయటివారి ప్రోగ్రాములూ వాడుకోగల ఏపీఐల, విధానాన్ని ప్రకటించిందని అందులో ప్రస్తావించవచ్చు. అది ముఖ్యంగా కేంద్ర ప్రభుత్వ సంస్థలను ఉద్దేశించినదే అయినా, ఇది ఎవరో కుర్రవాళ్ల సరదా కాదని తెలియడానికి పనికొస్తుంది. సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్, ప్రజలకు చెందిన సమాచారాన్ని ఎవరూ అడగకముందే, స్థానిక భాషను దృష్టిలో ఉంచుకుని, సులభంగా అందేలా ఉంచాలని చెబుతోంది. టైంటేబుళ్లకూ క్యాలెండర్లకూ ఆ మాట చక్కగా వర్తిస్తుంది. డిజీలాకర్‌లో మెమోలు ఉన్నాయి కదా, ఇది ఎందుకన్న ప్రశ్న వస్తుంది. డిజీలాకర్ ఇచ్చేది అధికారిక పత్రం. ఏపీఐ ఇచ్చేది రోజువారీ పనికి కావలసిన సమాచారం, దాన్ని సర్టిఫికెట్‌గా ఎవరూ వాడుకోకూడదని షరతులలోనే రాయాలి.

కాంట్రాక్టులో మూడు వాక్యాలు తప్పక ఉండేలా చూడాలి: సమాచారమంతా విశ్వవిద్యాలయానిదేనని, అడిగిన రోజున మొత్తం సమాచారాన్ని ఎవరైనా చదవగలిగే రూపంలో ఉచితంగా ఇవ్వాలని, ఏపీఐనీ దాని వివరణ పత్రాన్నీ నడుస్తున్న స్థితిలో అప్పగించాలని. మన రెండు జిల్లాల వారికి ఈ షరతు విలువ ప్రత్యేకంగా తెలియాలి. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడకముందు నెల్లూరు జిల్లా కళాశాలలు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం రాకముందు ప్రకాశం జిల్లా కళాశాలలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. భవనం అదే, ఆఫీసు అదే, బీరువా కూడా అదే అయినా, ఏ సంవత్సరం చదివారన్నదాన్ని బట్టి రికార్డు వేరే ఊళ్లో ఉంటుంది. అనుబంధం మారినప్పుడల్లా సమాచారం ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు చెక్కుచెదరకుండా వెళ్లాలంటే దాని రూపం ఒక్క కాంట్రాక్టరుకే తెలిసినదై ఉండకూడదు.

చివరిగా, కళాశాలల నుంచి సమాచారం లోపలికి వెళ్లే దారి

ఇంతవరకు చెప్పినదంతా చదివే దారి. రాసే దారిని ఆఖరున, కళాశాలల ఆఫీసులకు మాత్రమే ఇవ్వాలి. కళాశాల ఎక్సెల్ ఫైలును పంపుతుంది. వ్యవస్థ దాన్ని వెంటనే నమోదు చేయకుండా ముందు పరిశీలించి, ఏ వరుసలో ఏ తప్పుందో తెలుగులో జాబితా ఇస్తుంది. ఆఫీసువారు సరిచేసి మళ్లీ పంపుతారు, ప్రిన్సిపాల్ చూసి ఆమోదించిన తర్వాతే అది అసలు డేటాబేస్‌లోకి వెళుతుంది. కరెంటు పోయి అదే ఫైలును రెండుసార్లు పంపినా ఒక్క నమోదే జరిగేలా ప్రతి ఫైలుకూ ఒక ప్రత్యేక సంఖ్య ఉండాలి. పాత పద్ధతిని ఒకేసారి ఆపవద్దు. ఒక్క కళాశాలను ఎంచుకుని, ఒక్క సెమిస్టరు నామినల్ రోల్స్‌ను రెండు విధాలుగానూ పంపించి, రెండిటి నుంచి వచ్చిన హాల్ టికెట్లను పక్కపక్కన పెట్టి వరుస వరుసా సరిచూడాలి. ఆ పనికి ఆ కళాశాల సీనియర్ అసిస్టెంట్‌నే కూర్చోబెట్టండి, తప్పులు ఎక్కడ దాక్కుంటాయో మనందరికంటే ఆయనకే బాగా తెలుసు. పరీక్ష కోసం ముందుగా పంపే నమూనా ఫైలులో మొదటి వరుసలో వెంకట పెంచల ప్రసన్న లక్ష్మి అని రాయండి, హాల్ టికెట్ అచ్చయి వచ్చాక ‘లక్ష్మి’ ఉందో లేదో చూడండి.